జగ్గన్నతోట నుండి జలతరంగిణి దాకా: చూడవచ్చేవారి చరిత్రలో మన అడుగులు

కనుమనాడు మధ్యాహ్నం దాటేసరికి అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటలో కాలు మోపే చోటు ఉండదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి 11 మంది రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడు ఆ తోటకు ఆతిథేయి. అందుకే ఆయన ప్రభ అందరికంటే ముందు వస్తుంది, అందరినీ సాగనంపి చివర వెళుతుంది. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు తోటలోకి రాగానే మిగతా ప్రభలను ఒక్కసారి పైకి లేపి గౌరవం చూపిస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు వరిచేల మీదుగా వచ్చి, కౌశిక నీళ్ళలో దిగి, అవతలి గట్టు ఎక్కుతాయి. ప్రభ నడిచిన చేను తొక్కుడుపడినా రైతు ఏమీ అనుకోడు, చేనుకు మేలే అనుకుంటాడు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఉన్నది కొబ్బరిచెట్ల నీడే. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటంగా కదిలింది ఈ ప్రభల తీర్థమే.

మనలో చాలామందిమి చిన్నప్పుడు ఎవరో ఒకరి భుజాల మీద కూర్చుని ఆ తీర్థం చూసినవాళ్ళమే. ప్రభ కనబడగానే కన్ను ముందు రంగుబట్టల మీద పడుతుంది, తర్వాత గంటల మీద, నెమలి ఈకల మీద. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కసారి ఆ బట్టల వెనక్కి వెళ్ళి చూడండి. తాటి దూలాలు, వాటికి కట్టిన వెదురు బొంగులు, వాటిని బిగించిన తాళ్ళు కనబడతాయి. కొన్ని ప్రభలు 40 అడుగులు దాటుతాయి. అంత ఎత్తు గాలికి ఊగి కూడా విరగకుండా నిలబడేది వెదురు వల్లే.

ఈ సంచిక కోసం మన ప్రాంతంలోని చూడదగ్గ చోట్ల చరిత్ర రాయాలని కూర్చున్నప్పుడు మాకు ఆ వెదురే గుర్తొచ్చింది. కోనసీమ అందాల గురించి, పాపికొండల గురించి, మారేడుమిల్లి గురించి చూసి వెళ్ళినవాళ్ళు చాలా రాశారు. ఆ చోట్లకు దారి వేసినవాళ్ళ గురించి, ఆ దారిలో బతుకు మోసుకుని నడిచినవాళ్ళ గురించి రాసింది తక్కువ. తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేము చెప్పదలచింది ఒకటే. సరదాకు వచ్చేవారు నడిచే దారీ, పొట్టకూటికి మనవాళ్ళు నడిచిన దారీ చాలాచోట్ల ఒకటే. ఆ దారిలో ముందు అడుగు మనది. ఆదాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం వెనకబడ్డాం. ఎందుకు వెనకబడ్డామో తెలిస్తేనే ముందుకు ఎలా రావాలో తెలుస్తుంది.

ఒకే నది, రెండు కొసలు

2022 ఏప్రిల్ 4 దాకా అంబాజీపేట, మారేడుమిల్లి ఒకే జిల్లాలో ఉండేవి. పేరుకు తూర్పుగోదావరి అయినా అందులో సముద్రపు ఒడ్డూ ఉంది, దట్టమైన అడవీ ఉంది. ఆ రోజు నుంచి కోనసీమ వేరు జిల్లా అయింది, మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. కాగితం మీద గీత మారింది. నది మాత్రం అదే నది.

ఈ నదికి రెండు కొసల్లోనూ మనవాళ్ళున్నారు. ఎగువన కొండరెడ్లు, కోయలు, కొండదొరలు. దిగువన డెల్టా ఊళ్ళ శివార్లలో ఎరుకల కుటుంబాలు, అక్కడక్కడ యానాదులు. కొండల్లో ఉన్నవాళ్ళకు గిరిజనులన్న పేరైనా ఉంది. మైదానంలో ఉన్నవాళ్ళను గిరిజనులని చాలామంది గుర్తించనే గుర్తించరు. 'కొండ లేనిచోట గిరిజనులేంటి' అని మనల్ని అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్నకు జవాబు కూడా ఈ నదిలోనే ఉంది.

రోడ్లు రాకముందు ఎగువ అడవుల్లో నరికిన కలప, వెదురు తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే రాజమహేంద్రవరం చేరేవి. డెల్టా ఇళ్ళ దూలాలకు, పందిళ్ళకు, పడవలకు కావలసిన కర్రలో పెద్ద పాలు అలా వచ్చిందే. నరికినవాళ్ళు, ఒడ్డుకు లాగినవాళ్ళు, తెప్ప మీద నిలబడి సుడిగుండాలు దాటించినవాళ్ళు కొండరెడ్లు, కోయలు. ఆ పనికి వాళ్ళకు దక్కింది ఎంత? మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1940ల తొలినాళ్ళలో పాపికొండల ప్రాంతంలో తిరిగి రాసిన 'ద రెడ్డిస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' 1945లో అచ్చయింది. కలప వ్యాపారుల దగ్గర కొండరెడ్లు అప్పుల్లో చిక్కి, తక్కువ కూలికి అడవి పని చేస్తున్న తీరు అందులో ఉంది. ఇవాళ లాంచీలో కూర్చుని మనం ఫోటోలు తీసే కొండలు అవే.

దిగువన చూస్తే ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీళ్ళతో పాటు పడవలకు దారి కూడా ఇచ్చాయి. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడెక్టు 1850ల్లోనే కట్టారు. దాని స్థానంలో కొత్తది 2000లో వచ్చింది. ఇవాళ సెలవు రోజున కుర్రాళ్ళు దాని దగ్గరికి చూడ్డానికి వెళతారు. ఒకప్పుడు ఆ కాలువల గట్ల మీద మనుషులు పడవకు తాడు కట్టి, భుజానికి తగిలించుకుని లాక్కుంటూ నడిచేవారు. పడవలో ధాన్యం, కొబ్బరికాయలు, యాత్రికులు ఉండేవారు. గట్టు మీద కూలివాళ్ళ చెమట ఉండేది.

తీర్థం అంటే అంగడి కూడా

మన గోదావరి జిల్లాల్లో తీర్థం అంటే దేవుడి ఊరేగింపు ఒక్కటే కాదు. ఖర్జూరం, జీళ్ళు, బొమ్మలు, గాజులు, చేటలు, బుట్టలు అమ్మే పెద్ద సంత కూడా. అంబాజీపేట ఎలాగూ వ్యాపారం ఊరు. కొబ్బరి మార్కెట్టుకు పేరున్న ఊరు. పనసాకులను పుల్లలతో దొన్నెలుగా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలకు కూడా అంతే పేరు. ఆ ఊరు దాటి పోయేవాళ్ళు ఆగి తిని వెళతారు.

ఇలాంటి సంతలూ తీర్థాలే ఎరుకల వారికి పెద్ద ఆదరువు. వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు, చేటలు అల్లేవాళ్ళు ఏడాది పొడుగునా అల్లిన సరుకులో ఎక్కువ భాగం అమ్ముడయ్యేది తీర్థాల సీజనులోనే. సంక్రాంతికి కొత్త ధాన్యం ఇంటికి వచ్చే వేళ కొత్త చేట, కొత్త గంప కావాలి కదా. మగవాళ్ళు దబ్బలు చీరితే ఆడవాళ్ళు అల్లేవారు, నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేవారు. మన పేరులోనే ఉన్న 'ఎరుక' చెప్పడం కూడా ఆడవాళ్ళ విద్యే. చేతిలో కర్ర, చంకలో బుట్టతో వెళ్ళిన అమ్మమ్మ ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటే ఆ ఇంటి కష్టం సగం మాట్లాడకుండానే అర్థమయ్యేది. ఇళ్ళకు వెళ్ళి, మనుషులను చూసి, వాళ్ళు చెప్పనిదాన్ని వినడం తేలికైన విద్య కాదు.

మన ఉపజాతుల పేర్లు చూడండి. దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల. ఇవన్నీ పనుల పేర్లు, సరుకుల పేర్లు. ఉప్పు ఎరుకల వారు సముద్రతీరంలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు తీసుకెళ్ళి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. దారి లేని ఊళ్ళకు ఉప్పు చేర్చినవాళ్ళు వాళ్ళు. ఎక్కడ వాగు దాటవచ్చో, ఎక్కడ నీడ ఉందో, ఏ బావి నీళ్ళు తియ్యనో వాళ్ళకు తెలుసు. ఇవాళ ట్రెక్కింగ్ గైడు అని డబ్బిచ్చి పెట్టుకునే మనిషికి కావలసిన తెలివి అంతా అప్పుడు వాళ్ళ దగ్గర ఉంది. దానికి గైడు అన్న పేరు మాత్రం లేదు.

19వ శతాబ్దం రెండో సగంలో రైళ్ళు వచ్చాయి. 1900 నాటికి రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన నిలిచింది. కాశీకి, పూరీకి యాత్ర వెళ్ళేవాళ్ళకు నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది. అదే రైలు ఉప్పు బస్తాలను కూడా మోసింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. గాడిద మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళ బేరం పోయింది. యాత్రికుడికి దారి తేలికైన కాలంలోనే మన దారి మూసుకుపోయింది.

మన నడక నేరమైన కాలం

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఇది మన పిల్లలందరికీ తెలియాలి.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో ఉత్తర భారతంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911లో వచ్చిన కొత్త చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలయింది. కొన్ని జాతులను మొత్తంగా నేరస్థ జాతులని ప్రకటించే చట్టం అది. ఎరుకల వారు ఆ జాబితాలోకి వెళ్ళారు. ఒక్కొక్క మనిషి ఏం చేశాడో చూడలేదు. పుట్టిన కులమే నేరానికి సాక్ష్యం అయింది. పేర్లు రిజిస్టరులో రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. తిరిగే జాతిని ఒకచోట కట్టిపడేయడమే ఆ పథకం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒకే రోడ్డు. దాని మీద ఒకరు నడిస్తే తీర్థయాత్ర, ఇంకొకరు నడిస్తే వేట సరదా, మరొకరు నడిస్తే సర్వే. మన తాత నడిస్తే మాత్రం నేరం. బుట్టలు అమ్ముకోవడానికి పక్క తాలూకాలో తీర్థానికి వెళ్ళాలన్నా చీటీ అడిగిన కాలం అది. ఊరు తిరిగి చూడటం అనే ఆనందం అందరికీ ఒకేలా దక్కలేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ ముద్ర తొలగింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటాం. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం మన పిల్లలకు తెలుసు. అదే నెల చివరి రోజు కూడా మనదేనని ఇప్పుడు తెలుసుకోండి. చట్టం పోయింది గాని, తీర్థంలో ఎక్కడైనా ఒక పర్సు పోతే ముందు ఎవరి వైపు చూపులు తిరుగుతాయో మన పెద్దవాళ్ళను అడగండి. ఆ చూపులు భరించలేక కులం పేరు దాచుకున్నవాళ్ళు, ఇంట్లో మాట్లాడే కుర్రు భాషను పిల్లలకు నేర్పడం మానేసినవాళ్ళు మనలో ఉన్నారు. చట్టం చేసిన దానికంటే అది పెద్ద నష్టం.

కొండ దారి ఎవరు వేశారు

ఇప్పుడు నది వెంట ఎగువకు వెళదాం. రంపచోడవరం దగ్గర రంప జలపాతం, పాత శివాలయం చూడ్డానికి ఆదివారాల్లో కార్లు బారులు తీరతాయి. ఆ రంప పేరు మీదే చరిత్రలో ఒక తిరుగుబాటు ఉంది. 1879 మార్చిలో మొదలైంది. కొండల్లో వాళ్ళు ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద సర్కారు ఆంక్షలు పెట్టింది. దానికి తోడు మన్సబుదారు చిగురుపన్ను పేరుతో పీల్చాడు. మైదానం వ్యాపారులు కోర్టు కాగితాలు పట్టుకొచ్చి ఆస్తులు లాక్కున్నారు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి వంటివారు జనాన్ని కూడగట్టారు. దాన్ని అణచడానికి సర్కారుకు పెద్ద సైన్యం కావలసి వచ్చింది. ఇంకా ఆ గాయం ఆరకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు చేసుకున్న కొండ రిజర్వు అడవి అయింది. పుల్ల ఏరుకున్నా తప్పయింది.

1922 సంగతి మీకు తెలుసు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు అంతగా వినబడవు. వాళ్ళు తిరగబడటానికి ఉన్న కారణాల్లో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల్లో రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా పనిలోకి దింపాడు. కూలి సరిగా ఇవ్వలేదు. అడిగినవాళ్ళకు దెబ్బలు పడ్డాయి.

ఇవాళ శీతాకాలంలో జనం మంచు చూడ్డానికి ఎగబడే లంబసింగి ఆ నర్సీపట్నం, చింతపల్లి దారిలోనే ఉంది. తెల్లవారకముందే కార్లు దిగి, టీ తాగి, పొగమంచులో ఫోటోలు దిగి వెళ్ళేవాళ్ళను మేము తప్పుపట్టడం లేదు. మన పిల్లలు కూడా వెళతారు, వెళ్ళాలి. కాని ఆ ఘాట్ మలుపుల దగ్గర కారు ఆపినప్పుడు, ఇక్కడ రాయి కొట్టినవాళ్ళు మనవాళ్ళే అని పక్కవాడికి చెప్పండి. ఎక్కడా ఒక బోర్డు మీద రాయకపోయినా మన నోట ఉంటే చాలు, ఆ మాట బతుకుతుంది.

లాంచీ వచ్చింది

గోదావరి మీద విహారానికి తెలుగువాళ్ళలో ఇంత మోజు పెరగడానికి సినిమాలూ ఒక కారణం. బాపు తీసిన 'అందాల రాముడు' 1973లో వచ్చింది. పడవలో భద్రాచలం ప్రయాణమే ఆ కథ. 2006లో వచ్చిన 'గోదావరి' సినిమా ఇంకో తరానికి అదే దారి చూపించింది. పాపికొండలు అప్పటికే అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయింది. శని ఆదివారాల్లో లాంచీలు నిండిపోయాయి.

ఆ లాంచీలు ఆగే చోటు పేరంటపల్లి. కొండరెడ్ల ఊరు. 1920ల్లో స్వామి బాలానంద వచ్చి అక్కడ ఆశ్రమం కట్టుకున్నారు. యాత్రికులు దిగి, గుడి చూసి, కొండ మీంచి పారే నీళ్ళు తాగి, ఒడ్డున కొండరెడ్లు వెదురుతో చేసిన పూలసజ్జలు, బొమ్మలు కొంటారు. ఆ వెదురు వస్తువు ఎంత బాగున్నా బేరం మాత్రం లాంచీ హారన్ మోగేలోపు తేలిపోవాలి. చేసినవాడికి గంటలు పట్టిన పని అర నిమిషంలో అమ్ముడవుతుంది, ఎంతోకొంతకు. జగ్గన్నతోట శివారులో బుట్టలు పెట్టుకున్న అమ్మమ్మకూ, పేరంటపల్లి ఒడ్డున సజ్జలు పెట్టుకున్న అక్కకూ తేడా లేదు. ఇద్దరి చేతుల్లోనూ అదే వెదురు. ఇద్దరి దగ్గరా బేరం పెట్టేవాడికే తొందర.

2019 సెప్టెంబరు 15 మనం మరచిపోకూడని తేదీ. గోదావరి వరద మీద ఉండగా కచ్చులూరు దగ్గర పర్యాటక లాంచీ మునిగిపోయింది. ఆచూకీ దొరకనివారితో కలిపి 51 మంది పోయారు. 26 మంది బతికారు. వాళ్ళు బతకడానికి కారణం ఎక్కడి నుంచో వచ్చిన యంత్రాంగం కాదు. దగ్గరి తూటుగుంట ఊరివాళ్ళు కేకలు విని, తమ పడవలు వేసుకుని ఉధృతంలోకి వెళ్ళి మనుషులను లాగారు. ఆ మలుపులో నీళ్ళు ఎలా తిరుగుతాయో వాళ్ళకు తెలుసు. వరదలో ఏ రోజు నదిలో దిగకూడదో కూడా వాళ్ళకు తెలుసు. ప్రయాణం మొదలయ్యే ముందు ఆ తెలివిని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. స్థానికుల మాట వినడం అనేది మర్యాద కోసం కాదు, ప్రాణాల కోసం అని ఆ రోజు తేలింది.

ఇప్పుడు ఆ ఊళ్ళ మీద ఇంకో నీడ ఉంది. 2014లో జాతీయ ప్రాజెక్టయిన పోలవరం కింద ఎగువ గోదావరి ఒడ్డున కొండరెడ్ల, కోయల ఊళ్ళు ఎన్నో మునక కిందికి వస్తాయి. పునరావాస కాలనీలకు కొందరు ఇప్పటికే చేరారు. డెల్టాలో రెండో పంటకు నీళ్ళు కావాలి, కాదనం. కాని జలాశయం నిండాక అక్కడ కొత్త బోట్లు, కొత్త రిసార్టులు వస్తాయి. ఊరు ఇచ్చినవాళ్ళకు ఆ బోటులో చుక్కాని పట్టే పని దక్కుతుందా, ఒడ్డున వేరుశనగలు అమ్మే పని దక్కుతుందా? ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి. నీళ్ళు నిండాక అడిగితే వినేవాళ్ళుండరు.

ఆతిథ్యం మన చేతుల్లో ఉన్నచోట

నిరాశగా ముగించడానికి మేము ఇదంతా రాయలేదు. దారి చూపే ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి.

మారేడుమిల్లి వెళ్ళండి. జలతరంగిణి, అమృతధార జలపాతాలు, బొంగులో చికెన్, చల్లని ఘాట్ రోడ్డు. 2021లో వచ్చిన 'పుష్ప' షూటింగు అక్కడ జరిగాక రద్దీ ఇంకా పెరిగింది. అక్కడ అటవీ శాఖతో కలిసి స్థానిక వన సంరక్షణ సమితుల ద్వారా నడిచే బసలు ఉన్నాయి. అడవిలో దారి చూపేది, వండిపెట్టేది, లెక్క చూసేది ఊరివాళ్ళు. అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. పక్కనే బయటివాళ్ళ బసలూ లేచాయి. అయినా ఊరివాళ్ళు అతిథిని పిలిచి, అన్నం పెట్టి, తగిన ధర అడిగి తీసుకోగలరని అక్కడ రుజువైంది. బొంగులో మాంసం కాల్చుకోవడం అడవికి వెళ్ళినవాళ్ళు గిన్నె లేకుండా వండుకునే పద్ధతి. ఇవాళ అది పట్నాల హోటళ్ళ మెనూలోకి ఎక్కింది. పేరు వాళ్ళు తీసుకున్నారు, వెదురు మన దగ్గర కొంటున్నారు. ధర మనం చెప్పాలి.

బొర్రా గుహల సంగతి ఇంకా ముఖ్యం. గుహల్లో దారి చూపేవాళ్ళలో అక్కడి గిరిజన యువకులున్నారు. ఆ బొర్రా పంచాయతీలోనే గనుల లీజుల మీద మొదలైన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జూలై 11న సమత కేసులో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. దానికి ఆధారం 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 సవరణ. మనం 1/70 అని పిలుచుకునేది అదే. 1996 పెసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద సాగు హక్కుతో పాటు ఊరికి సామూహిక హక్కు కూడా ఇచ్చింది. రిసార్టు కోసం ఎవరైనా బినామీ పేరుతో మన్యంలో భూమి అడిగినప్పుడు ఈ నాలుగు మాటలు చాలు, ఎదురు నిలబడటానికి.

మైదానంలో ఉన్న మన పిల్లలు ఇక్కడ ఒక తేడా గమనించాలి. అంబాజీపేట షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడ 1/70 లేదు, పెసా లేదు. ఇక్కడ మనకున్న ఆస్తి చదువు, చేతి పని, సంఘం. అందుకే కోనసీమలో మన పని వేరు.

ఏం చేయవచ్చో మాకు తోచినవి చెబుతాం. ఒకటి, ఈ సంక్రాంతికి ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. వాళ్ళు ఏ తీర్థాలకు వెళ్ళేవారు, ఏ దారిన వెళ్ళేవారు, ఎక్కడ రాత్రి ఆగేవారు, ఏం అమ్మేవారు అని అడిగి ఫోనులో రికార్డు చేయండి. కుర్రు భాషలో చెబితే అదే భాషలో ఉంచండి. రెండు, తీర్థాల దగ్గర బుట్టలు అల్లేవారికి ఒక వరుస కేటాయించమని పంచాయతీలకు సంఘం తరఫున అర్జీ పెడదాం. రోడ్డు పక్క దుమ్ములో కాదు, నీడలో. అల్లినవారి పేరు, ఊరు, ధర రాసిన చీటీ ప్రతి బుట్టకూ కడదాం. మూడు, ఈత, పడవ నడపడం, ప్రథమ చికిత్స నేర్చుకోండి. దిండి, అంతర్వేది, యానాం వైపు నీటి విహారం పెరుగుతోంది. ఆ పనులకు లైసెన్సు ఉన్న మనుషులు కావాలి. నాలుగు, ఎవరైనా వేదిక మీద మన నాట్యం చేయమని పిలిస్తే ఎందుకు, ఎంతకు, ఎవరి ముందు అని అడగండి. కొమ్ముబూరలు, థింసా మన పండుగలవి. అతిథి కాఫీ తాగేలోపు ముగించే వినోదం కాదవి.

జగ్గన్నతోటలో ఆతిథేయి ప్రభ అందరికంటే ముందు వచ్చి, చివర వెళుతుందని మొదట చెప్పుకున్నాం. ఆతిథ్యానికి ఉన్న మర్యాద అది. ఈ నది ఒడ్డుకూ, ఈ కొండలకూ అందరికంటే ముందు వచ్చినవాళ్ళలో మనమున్నాం. చూడవచ్చినవాళ్ళు వస్తారు, చూస్తారు, వెళతారు. రానివ్వండి, సంతోషంగా పిలుద్దాం, కడుపునిండా పెడదాం. కాని ఎవరో వచ్చారని మనం లేచి వెళ్ళిపోయే రోజు మాత్రం రాకూడదు.

వచ్చే కనుమకు జగ్గన్నతోటలో కలుద్దాం. ప్రభ వెనక్కి వెళ్ళి ఆ వెదురు ముట్టుకుని చూడండి. మీ చెల్లెలికీ తమ్ముడికీ దాని కథ మీరే చెప్పండి.